మెదడింట్లో కాపురం

థాయిలాండ్ ఉత్తరాన మా లంపాంగ్‌లో జట్కా ఎక్కి ‘మెదడిల్లు’ అంటే చాలు, నది ఒడ్డున పాత టేకు ఇంటి ముందు దింపేస్తారు. అది కన్నికా ఇల్లు. వైద్య కళాశాలలో ఆమె డాక్టర్ కన్నికా, మెదడు పాఠం చెప్పే టీచరు. నాకు మాత్రం రొయ్య. పుట్టినప్పుడు ఎర్రగా ముడుచుకుపోయి ఉందని వాళ్ళ అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు అది. నేను పింపాని. అదే విభాగంలో ఎముకల పాఠం చెబుతాను. ఎముకలు గట్టివి, పెట్టినచోట ఉంటాయి, వాటితో నాకెప్పుడూ పేచీ లేదు. చిక్కంతా మెదడుతోనే వచ్చింది.

కన్నికా గురించి రాయమని కళాశాల పత్రికవాళ్ళు అడిగారు. చదువు చెప్పడంలో కొత్త దారి వేసిన మనిషి అని రాయాలట. అలా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, రాసుకోనివ్వండి. ఆ ఇల్లు ఆమెను ఎలా మింగిందో నేను రాస్తాను. అచ్చు వేస్తారో లేదో వాళ్ళిష్టం.

మెదడు పాఠమంటే మా పిల్లలకు చలిజ్వరం వచ్చేది. శరీరాన్ని దానం చేసినవాళ్ళను మేం శవం అనం, మహాగురువు అంటాం. కత్తి పట్టేముందు పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని, “గురువుగారూ, తప్పులుంటే మన్నించండి” అని దణ్ణం పెడతారు. చేతుల దగ్గరా గుండె దగ్గరా బాగానే నేర్చుకుంటారు. తల దగ్గరికి వచ్చేసరికి కత్తి కింద పెట్టేస్తారు. తల మాకు పవిత్రం; పసిపిల్లాడి తలే ఊరికే ముట్టుకోనివాళ్ళం, గురువుగారి తల తెరవాలంటే మాటలా? తెరిచాక కనిపించేది బూడిదరంగు ముద్ద. ఏ మడతకు ఏ పేరో ఎన్నిసార్లు చదివినా నిలవదు. ఏటా సగం తరగతి ఆ పరీక్షలోనే తప్పేది.

అలాంటి రోజుల్లో డీన్‌గారు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు తెప్పించారు. పిల్లలు వాటిని ‘పెట్టెలు’ అంటారు. కళ్ళకు కట్టుకుంటే ఎదురుగా మెదడు లోపలి భాగం కనిపిస్తుంది. చుట్టూ నిలువెత్తు మడతలు, కాళ్ళకింద గులాబీరంగు నేల. అమ్మినవాళ్ళు వచ్చి, “నడవండి, తిరిగి చూడండి” అన్నారు. ఒక్కరూ అడుగు వేయలేదు. ఒకమ్మాయి గబగబా చెప్పులు విప్పేసింది. ఇంకొకడు ఉన్నచోటే గొంతుక్కూర్చుని చేతులు జోడించాడు.

“ఏంట్రా, నడవరేం?” అన్నాను.

“ఎవరిదో తల కదా టీచర్. కాలు పెట్టి తొక్కమంటారా?” అన్నాడు.

డీన్‌గారు పడీపడీ నవ్వారు. కన్నికా నవ్వలేదు. ఆ సాయంత్రం నా స్కూటర్ వెనక కూర్చుని ఇంటికి వస్తూ, “తలలో నడవలేరు సరే. ఇంట్లో నడుస్తారు కదక్కా, చెప్పులు విప్పుకుని” అంది.

అలా మొదలైంది. గుర్తుంచుకోవలసినవాటిని తెలిసిన ఇంట్లో తలా ఒక మూల పెట్టుకుని, మనసులో ఆ ఇల్లంతా తిరిగి వస్తే ఒక్కటీ మరిచిపోం. ఆ ఉపాయం పాతదే. పెట్టే బొమ్మ ఎంత వింతగా, వెర్రిగా ఉంటే అంత గట్టిగా అతుక్కుంటుంది. కన్నికాకు కళ్ళు మూసుకున్నా తెలిసిన ఇల్లు ఒక్కటే, అమ్మమ్మ ఇల్లు. కంప్యూటర్ విభాగం వాళ్ళను పిలిపించి మూలమూలా ఫోటోలు తీయించింది. ఇల్లు ఇల్లంతా పెట్టెలోకి ఎక్కింది.

మా వైపు పాత ఇళ్ళకు జంట కప్పులుంటాయి. పక్కపక్కన రెండిళ్ళు, మధ్యలో చెక్క నడవ. మెదడుకూ రెండు సగాలు, మధ్యలో వాటిని కలిపే వంతెన. ముందు చావడి థాలమస్. చూపైనా చప్పుడైనా స్పర్శైనా ముందు అక్కడ ఆగి, ఎవరికోసం వచ్చిందో చెప్పుకుని లోపలికి వెళ్ళాలి. వాసన ఒక్కదానికే ఆ మర్యాద లేదు. అందుకని పులిసిన చేపల జాడీ చంకనపెట్టుకుని పెరటి వంటింట్లోంచి తోసుకొచ్చే పిన్ని బొమ్మను పెట్టింది. మెట్ల పక్కన నీళ్ళ కుండలో సముద్రపు గుర్రం ఈదుతూ ఉంటుంది, అది హిప్పోకాంపస్, కొత్త జ్ఞాపకాలు పుట్టే చోటు. ఆ కుండకు కట్టేసిన నల్లకుక్క అమిగ్డలా, భయం పుట్టే చోటు. మెట్లకింద మగ్గం చిన్నమెదడు. ఎడమింట్లో ముందువైపు మూల మాట పుట్టే చోటు. అక్కడ నోటినిండా మియాంగ్, అంటే పులియబెట్టిన టీ ఆకు, కుక్కుకుని, చెప్పాలనుకున్నది చెప్పలేక చేతులూపే అమ్మమ్మ బొమ్మను కూర్చోబెట్టింది.

ఆ ఏడు డీన్‌గారు ముందే చెప్పేశారు. ఈసారి కూడా పిల్లలు తప్పితే పెట్టెలు వెనక్కి పోతాయి, కన్నికా ఫైళ్ళ గదికి పోతుంది. పరీక్ష రోజు పొద్దున్నే ఆమె ఇంటి ముందున్న గూటి దగ్గరికి వెళ్ళింది. కురచ స్తంభం మీద బొమ్మరిల్లంత గూడు, అందులో ఆ నేలను కాచే దేవుడు, మేం తాత అంటాం. ఆయనకు ఇష్టమని ఎర్ర సోడా పెట్టి, అగరొత్తులు వెలిగించి మొక్కుకుంది. ఏం మొక్కుకుందో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. మా ఊళ్ళో కోడిగుడ్లు మొక్కుతారు, నాట్యం చేయిస్తామని మొక్కుతారు, పందితల మొక్కుతారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఆ ఏడు తరగతంతా పాసైంది.

అక్కడి నుంచి ఆ ఇల్లు ఆమెది కాకుండా పోయింది. పెట్టెలో చూసిన ఇంటిని ఒక్కసారి నిజంగా చూసి రావాలని పిల్లలకు ఆశ. పరీక్షలు దగ్గరపడితే మెట్ల దగ్గర చెప్పుల గుట్ట లేస్తుంది, గూటి ముందు ఎర్ర సోడాలు బారులు తీరతాయి. ఆమె వంటింట్లో అన్నం తింటుంటే ఎవడో వంగి వంగి వచ్చి, “మన్నించండి టీచర్, మీ వెనకాల వాసన దారి చూసుకుంటాను” అంటాడు. ఆమె కంచం పట్టుకుని పక్కకు జరుగుతుంది.

జరిగేది ఆమె ఒక్కతే, ఇంట్లో ఇంకేదీ జరగడానికి వీల్లేదు. కుండ పగిలితే అలాంటి కుండే తెచ్చి అక్కడే పెట్టాలి. ముసలి కుక్క చచ్చిపోతే మళ్ళీ నల్ల కుక్కనే తేవాలి. నడుం నొప్పితో వంగలేక ఒకసారి మగ్గాన్ని చావడిలోకి మార్పించింది. ఆ వారం పరీక్షలో చాలామంది చిన్నమెదడును తీసుకెళ్ళి థాలమస్ పక్కన పెట్టారు. కాగితాలు దిద్దుతూ ఆమె ఏడ్చింది, తప్పినవాళ్ళు వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. మగ్గం మళ్ళీ మెట్లకిందకే చేరింది, ఆమె నడుం వంగుతూనే ఉంది.

“ఇల్లు పెట్టెలో ఉంది కదే. దీనికి తాళం వేసెయ్” అన్నాను.

“టీచర్ ఇంటికి తాళం చూస్తే పిల్లలు చిన్నబోరూ?”

“చిన్నబోతే పోనీ, చచ్చిపోరుగా!”

“నీ నోటికి దణ్ణం అక్కా” అని నవ్వేసింది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఇద్దరం చావడిలో జిగురన్నం, కాల్చిన పచ్చిమిరప పచ్చడి తింటున్నాం. ఉన్నట్టుండి ఆమె ముద్ద చేత్తో పట్టుకునే ఆగిపోయింది.

“అక్కా, అమ్మమ్మ మొహం గుర్తు రావట్లేదు.”

“గోడకి ఫోటో ఉందిగా.”

“ఫోటో గుర్తుంది. అమ్మమ్మే గుర్తు లేదు. కళ్ళు మూసుకుంటే ఆకు కుక్కుకుని చేతులూపే బొమ్మే వస్తోంది. పిల్లలు నవ్వితే బాగా గుర్తుంటుందని బుగ్గలు ఇంకా ఉబ్బించాను. నేనే ఉబ్బించానక్కా.”

నాకు ఏడుపొచ్చింది. అమ్మమ్మను నేనెరుగుదును. సన్నటి మొహం, ఎప్పుడూ గొణుగుతూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. ఆ మాటే రొయ్యకు చెప్పాను. విన్నది, తలూపింది, కానీ ఆమెకు కనిపించలేదని చూస్తేనే తెలుస్తోంది.

థావిన్ ఆ రోజుల్లోనే వచ్చాడు. ఆయనది దక్షిణాన సముద్రం ఒడ్డున చుంఫోన్, పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. భార్యది మా లంపాంగే. ఆవిడ తన శరీరాన్ని మాకిచ్చింది, ఒక ఏడంతా మా పిల్లలకు మహాగురువుగా ఉంది. పాఠాలు అయ్యాక గురువులందరికీ కలిపి దహనం చేసే రోజున ఆయన వచ్చి, కన్నికా పక్కన నిలబడ్డాడు.

“మా ఆవిడ పాఠం బాగా చెప్పిందాండీ?”

“చాలా బాగా చెప్పారండీ.”

“ఇంట్లో నాకు చెప్పినట్టు చెప్పుంటే పిల్లల పని అయిపోయుండాలే” అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

కన్నికాకు నవ్వాగలేదు. దహనం దగ్గర నవ్వినందుకు డీన్‌గారు గుడ్లురిమారు. ఆ తర్వాత ఎండు స్క్విడ్ పార్సిళ్ళు రావడం మొదలైంది, ఫోన్లు మొదలయ్యాయి. వేసవి సెలవుల్లో ఆమె చుంఫోన్ వెళ్ళొచ్చింది. తిరిగొచ్చాక ఆ మొహం చూడాలి. నల్లబడింది, చిక్కింది, పదేళ్ళు చిన్నదైంది.

“ఏముందే అక్కడ?” అన్నాను.

“ఏమీ లేదక్కా. అదే బాగుంది. అక్కడ కుర్చీ ఒట్టి కుర్చీ. కుండలో నీళ్ళే ఉంటాయి. తాగి, మూత పెట్టేస్తాం.”

“మరి వెళ్ళిపోవే. పెళ్ళి చేసుకుని అక్కడే ఉండు. నీ వయసుకి సముద్రం, స్క్విడ్, నవ్వించే మొగుడు, ఇంకేం కావాలి?”

అప్పుడు చెప్పింది ఆ మొక్కు. ‘తాతా, ఈ పిల్లల్ని గట్టెక్కించు. పిల్లలకి నా అవసరం ఉన్నన్నాళ్ళూ ఈ ఇల్లు వదలను, నీ గూటిలో దీపం ఆర్పను.’ అదీ మొక్కు. ఏ ఒక్క తరగతికో మొక్కలేదు. ఏటా కొత్త పిల్లలు వస్తూనే ఉంటారు.

నాకు ఒళ్ళు మండింది. “మనిషి మెదడు చేత్తో పట్టుకుని చూసేదానివి, నీకు మొక్కులేంటే?”

“నీ స్కూటర్ పోయినప్పుడు గుడ్లు పెడతానని నువ్వు మొక్కలేదా?”

“దొరికింది, పెట్టాను!”

“అదే అక్కా. పెట్టావుగా.”



ఆమె రాలేకపోతే తానే వస్తానన్నాడు థావిన్. సంచి సర్దుకుని వచ్చేశాడు కూడా. తొలిరోజే చూరు నీళ్ళు కుండ మీద పడుతున్నాయని, పాపం మంచికే, కుండను మెట్లకు అవతలి పక్కకు మార్చాడు. ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఇద్దరు పిల్లలు ఆ కుండను మోసుకుని పాత చోటికి చేరుస్తున్నారు. “మన్నించండి బాబాయ్, హిప్పోకాంపస్ అటు ఉండదు” అన్నారు. మర్నాడు వాలుకుర్చీలో కునుకు తీస్తుంటే ఎవరో దణ్ణం పెట్టి, కాళ్ళు కాస్త తీయమన్నారు, కుర్చీ కింద ఏదో నరం పోతుందట. వారం తిరక్కుండానే ఆయన సంచి మళ్ళీ సర్దాడు.

“కన్నికా గారూ, పొద్దస్తమానం ఎవరి తలలోనో కాళ్ళు పెట్టి తిరుగుతున్నట్టుంది. నావల్ల కాదండీ. మీరొస్తే నా ఇల్లు మీదే. రాలేనంటే అదీ చెప్పేయండి, ఎదురుచూడ్డం మానేస్తా. కోపమేం లేదు” అన్నాడు. ఆయనను బస్సెక్కించి వచ్చి, ఆమె నేరుగా ఇన్‌తా తాత ఇంటికి పోయింది. నన్నూ లాక్కుపోయింది.

ఇన్‌తా తాత ఒకప్పుడు భిక్షువు. మా పేటలో ముడుపులు కట్టాలన్నా విప్పాలన్నా ఆయనే. మొక్కు మొత్తం విని, నోట్లో ఆకు ఉమ్మేసి అన్నాడు.

“కోడి పెట్టి, సారా పోసి మాఫీ అడిగే రకం కాదమ్మా ఇది. ఎవరి అవసరం కోసం మొక్కావో వాళ్ళే నేలతాత ముందు నోరు తెరిచి అనాలి. ‘మాకిక అవసరం లేదు, వెళ్ళండి’ అని. ఆ ఒక్కమాట ఆయన చెవిన పడితే చాలు, మరుక్షణం నువ్వు బస్సెక్కొచ్చు.”

నా ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా? నిజం చెప్పాలంటే పిల్లలకు ఆమె అవసరం తీరి చాలాకాలమైంది. పెట్టెలో ఇల్లుంది, ఇంట్లో ఆమె గొంతు కూడా ఉంది. కింది తరగతివాళ్ళకు పైతరగతివాళ్ళే దారి చూపిస్తారు. ఆమె దగ్గర నేర్చుకున్న కుర్ర టీచర్లు ఆమెకన్నా చురుగ్గా చెబుతున్నారు. ఉన్నమాటే కదా అనవలసింది. తరగతి నాయకురాలు ముక్దాను పిలిచి కూర్చోబెట్టాను.

“ఇన్‌తా తాత అడుగుతాడు, మీ టీచర్ అవసరం మీకింకా ఉందా అని. ‘లేదు, సంతోషంగా వెళ్ళిరండి’ అనాలి. అందరూ ఒక్కసారే అనాలి. తెలిసిందా?”

“తెలిసింది టీచర్.”

“ఏదీ, నాకోసారి చెప్పు.”

ముక్దా తన చెప్పులవైపు చూసింది. “అక్కడ చెప్తాను టీచర్.”

ఆ జవాబు నాకు నచ్చలేదు. అయినా మంచి పిల్ల, మాట తప్పదు అనుకున్నాను.

పున్నమి ఉపవాసపు రోజు పొద్దున గూటి ముందు చాపలు పరిచాం. ఉడికించిన కోడి, జిగురన్నం, పూలు, సోడాలు పెట్టాం. కన్నికా మా ఆడవాళ్ళు కట్టే నేతలుంగీ, కొత్త నీలిరంగుది, కట్టుకుని వచ్చింది. చావడిలో ఆమె సూట్‌కేసు సర్ది ఉంది, సాయంత్రం బస్సుకు. ఆమె అంత అందంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. తరగతి అంతా తెల్లచొక్కాలతో కాళ్ళు పక్కకు ముడుచుకుని కూర్చుంది. ఇన్‌తా తాత మంత్రం చదివి, వాళ్ళవైపు తిరిగాడు.

“పిల్లలూ, మీ కోసం ఈమె ఈ ఇంటికి కట్టుబడింది. ఈమె అవసరం మీకింకా ఉందా?”

ఎవరూ పలకలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. వీధిలో జట్కా గుర్రం డెక్కల చప్పుడు వినిపించి, దూరమైంది. నేను ముక్దా వైపు కళ్ళెర్రజేసి చూశాను. ఆ పిల్ల పెదవులు కదిలాయి, మళ్ళీ మూసుకున్నాయి.

“అనండి నాన్నా,” అంది కన్నికా మెల్లగా. “నాకేం బాధ లేదు. నిజంగా లేదు. అనండి.”

ముక్దా భోరుమంది. ముందుకు పాక్కుంటూ వచ్చి కన్నికా పాదాల ముందు తల ఆనించింది. “విన్నారా తాతా? మేం బాధపడకూడదని టీచర్ తన బాధ దాచుకుంటున్నారు. ఇలాంటి టీచర్‌ని పట్టుకుని అవసరం లేదనే నోరు నోరేనా? మేమనం. మాలో ఎవ్వరూ అనరు.”

“చూరు కారుతోందట టీచర్, మేం కప్పు వేయిస్తాం” అన్నాడు వెనక నుంచి ఒకడు. “మగ్గం దగ్గర మీరు వంగక్కర్లేదు, రోజుకొకళ్ళం వచ్చి తుడుస్తాం” అంది ఇంకొకత్తె. అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు, అందరూ ఏడుస్తున్నారు.

“ఒరే, ఆవిడకి కావలసింది కప్పు కాదురా! ఒక్క మాట! ఒక్క మాట అనడానికి ఏం పోయిందిరా మీకు?” అని అరిచాను. “నేనంటున్నా తాతా, అవసరం లేదు, వెళ్ళనీ!”

“నీకోసం మొక్కలేదమ్మా” అన్నాడు ఇన్‌తా తాత. 

పూజ చివర కట్టడానికి ఆయన పళ్ళెంలో తెల్ల నూలుదారాలు తెచ్చుకున్నాడు. పిల్లలు ఆ పళ్ళెం లాక్కున్నారు. ఒక్కొక్కరే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, మణికట్టుకు దారం చుట్టి ముడి వేస్తూ, “చల్లగా ఉండండి టీచర్, ఎప్పటికీ మా దగ్గరే ఉండండి” అంటున్నారు. దీవించి కట్టే దారాన్ని ఎవరూ వద్దనరు. ఆమె కూడా అనలేదు. చెయ్యి చాచి కూర్చుంది, ప్రతి ముడికీ నవ్వింది. మణికట్టు నిండి దారాలు మోచేతి వైపు పాకాయి. ఆ పిల్లలంత ప్రేమగల పిల్లలు ఎక్కడా ఉండరు. ఆ రోజు వాళ్ళను చూస్తే నాకు భయం వేసింది.

థావిన్ ఫోన్ చేశాడు. ఆమె చేతులు రెండూ పిల్లల దగ్గరే ఉన్నాయి. ఫోన్ నేనే ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను.

“ఏమన్నారండీ పిల్లలు?”

“ఏమీ అనలేదండీ,” అంది కన్నికా. “చాలా మర్యాదైన పిల్లలు.”

అవతల పడవ ఇంజను ఆపేశాడు. తర్వాత, “సరేనండీ. వేళకి తినండి” అని పెట్టేశాడు.

ముక్దా పళ్ళెంలోంచి ఇంకో దారం తీసుకుంది. “ఆ చెయ్యి ఇటివ్వండి టీచర్” అంది.